పల్లె చావడి – ప్రభుత్వ చట్టము

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి నాలుకపై ఉండగానే పంచాంగ శ్రవణము విన్నాము. ఎవరి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రులవారు లెక్కలు చదివినారు. ఆదాయ వ్యయములు కొంతవరకైనా మన చేతిలోనివి. రాజపూజ్యము, అవమానము మాత్రము ప్రభుత్వపు గడపలో తేలవలసినవి. బీదరు చుట్టుప్రక్కల పల్లెలలో ఉన్న మనవారికి ఆ గడపలో ఏది ఎంత దొరుకుతున్నదో ఆలోచించుటకే ఈ నాలుగు మాటలు.

మేము పండితులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పనిలో చేరినవారము. కిటికీకి ఇవతల కూర్చొని అవతలివారి ముఖములు చూచుట మా వృత్తి. కార్యదర్శిగారు చట్టమును గూర్చి, స్వేచ్ఛను గూర్చి మాట్లాడమన్నప్పుడు మొదట జంకినాము. తరువాత, చట్టము సంగతి వకీళ్ళకే కాదు, కిటికీ దగ్గరి మనిషికి కూడ కొంత తెలియునని ధైర్యము చేసినాము.

"ఉదారవాదము" అను పెద్ద మాట ఒకటి పుస్తకములలో కనిపిస్తుంది. దాని సారమింతే: ప్రతి మనిషి ఒక్కొక్క మనిషి, వాని కులము, ఇల్లు, ఊరు చూడకుండ చట్టము వానిని వానిగా చూడవలెను, వాని ఇష్టము లేక వాని సొత్తు, వాని మాట ఎవ్వరును తీసికొనరాదు. ఈ మాట పల్లె మనిషికి తెలియదని కొందరు అనుకొంటారు. తెలుసును. మా టిక్కెట్టు కిటికీ దగ్గర నేర్చినాడు. పటేలు వచ్చినా, పటేలు దగ్గర జీతమున్నవాడు వచ్చినా భాల్కి వరకు చార్జీ ఒక్కటే. వరుసలో ముందున్నవానిదే ముందు టిక్కెట్టు. నీ కులమేమి అని టిక్కెట్టు అడగదు.

కాని ఒక భేదమున్నది. రైలులో ప్రక్కన కూర్చున్నవాడు తన స్టేషను రాగానే దిగిపోతాడు. పొలములో ప్రక్కవాడు దిగడు. రేపు బావినీళ్ళకు అతడే, ఎల్లుండి పెండ్లికి అతడే, అప్పుకు అతడే. ముఖపరిచయము లేనివారి నడుమ సమానత్వము సులభము. తరతరాలు ఒకే ఊర ఉండవలసినవారి నడుమ అది కష్టము. స్వతంత్రము వచ్చిన తరువాత మన పల్లెలలో చట్టము నడచిన తీరంతా ఈ కష్టములోనే ఉన్నదని మా అభిప్రాయము.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కరు, ముసాయిదా రాజ్యాంగము గ్రామమును కాక వ్యక్తిని ప్రమాణముగా తీసికొన్నందుకు తాను సంతోషించుచున్నానని చెప్పినారు. పల్లెను స్వర్గమని పొగడినవారు నొచ్చుకున్నారు. గ్రామ పంచాయతులను గూర్చి నలువదవ అధికరణము తరువాత చేరినది. పల్లె ఎవరికి స్వర్గమో, ఎవరికి కాదో ఊరి బయటి వాడలలో పుట్టినవారికి బాగుగా తెలుసును. అంబేద్కరుగారి మాట అక్కడినుండి వచ్చినది.

ఆ మాట ఢిల్లీలో పలికిననాటికి మన బీదరు జిల్లా ఏ స్థితిలో ఉన్నది? నైజాము రాజ్యములో ఇంచుమించు మూడవ వంతు భూమి జాగీరులు, పైగాల చేతిలో ఉండెడిది. చిట్‌గుప్ప వంటి చోట్లు పైగా ఇలాకాలోనివి. సర్కారు వ్యవహారము ఉర్దూలో నడిచెడిది. పల్లెలో సర్కారనగా మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి, ఈ ముగ్గురే. 1948లో మొదట రజాకార్ల దౌర్జన్యమునకు గోరట వంటి గ్రామములు బలియైనవి. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తరువాత ఎన్నో ముస్లిము కుటుంబములు ప్రాణములను, ఇండ్లను పోగొట్టుకున్నవి. పండిత సుందరలాల్ కమిటీ మిక్కిలి దెబ్బతిన్న నాలుగు జిల్లాలలో బీదరును ఒకటిగా పేర్కొన్నది. ఆ నివేదిక 2013 దాక అందరికీ అందుబాటులోనికి రాలేదు. కనుక ఇక్కడి పల్లెవానికి క్రొత్త రాజ్యము మొదట పుస్తకముగా రాలేదు, భయముగా వచ్చినది. ఏ మతమువానికైనను చట్టము లేని రోజులెట్లుండునో ఈ నేలకు తెలుసును. అందువలన చట్టమును తేలికగా మాట్లాడుటకు మాకు నోరు రాదు.

ఆ వెనుక చట్టము నిజముగానే వచ్చినది. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయినవి. 1950 జూనులో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలులోనికి వచ్చినది. ఏండ్ల తరబడి దున్నుచున్న కౌలుదారును రక్షిత కౌలుదారుగా రిజిస్టరులో వ్రాయవలెను, ఇష్టము వచ్చినట్లు లేపివేయరాదు అన్నది ఆ చట్టము. దేశములో ఆనాటి కౌలు చట్టములలో ఇది మంచిదని పేరు పొందినది.

జరిగినదేమి? ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన అర్థశాస్త్రవేత్త ఖుస్రోగారు గ్రామములలో విచారించి 1958లో ఒక గ్రంథము ప్రకటించినారు. రక్షిత కౌలుదారులలో కొద్ది సంవత్సరములలోనే ఎందరి భూమి ఎట్లు పోయినదో అందులో లెక్కలున్నవి. చట్టప్రకారము తొలగింపబడినవారు నూటికి 3 మంది కూడ లేరు. అక్రమముగా తొలగింపబడినవారు నూటికి 20 మందికి పైగా ఉన్నారు. "ఇష్టపూర్వకముగా" భూమి వదలుకున్నవారు నూటికి 15 మందికి పైగా ఉన్నారు.

ఈ మూడవ లెక్క దగ్గర కొంచెము ఆగుడు. దున్నుకొని బ్రతుకువాడు, చట్టము తన వైపు ఉన్నదని విన్నవాడు, తన భూమిని తానే వదలుకొనునా? దానికి రాజీనామా అని పేరు. కాగితము మీద వ్రేలిముద్ర ఉన్నది. సాక్షులున్నారు. కచేరీలో కూర్చున్న అధికారికి అది స్వేచ్ఛగల మనిషి చేసిన పని. కాని ఆ వ్రేలిముద్ర వేసిన చోట ఎవరు కూర్చున్నారు, ఆ ఇంటి అప్పు ఎవరి దగ్గర ఉన్నది, కూతురి పెండ్లికి జొన్నలు ఎవరివ్వవలెను, ఇవి కాగితము మీద ఉండవు. చట్టము సంతకమును చూచును. సంతకము వెనుక నిలుచున్నవానిని చూడదు. ఉదారవాదము పల్లెలో మొదట తడబడినది ఈ మెట్టు మీదనే.

1956 నవంబరు 1 వచ్చినది. రాష్ట్రముల పునర్విభజనలో మన జిల్లా మూడు ముక్కలైనది. అహమదుపూరు, నిలంగ, ఉదగీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నారాయణఖేడు తాలూకా, నిర్నా సర్కిలు తప్ప జహీరాబాదు తాలూకా, న్యాలకల్ సర్కిలు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. మిగిలినది మైసూరులో చేరినది. మా రైలుదారి మాత్రము పంపకానికి రాలేదు. వికారాబాదునుండి పరళి వరకు నైజాము కాలములో ఒకే రాజ్యములో వేసిన దారి నేడు తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మూడింటిని దాటిపోతుంది. జహీరాబాదునుండి బీదరుకు టిక్కెట్టు తీసికొన్నవానికి సరిహద్దు ఎక్కడ వచ్చినదో కూడ తెలియదు. కాని పొలముగట్టు మీద ఆ సరిహద్దు పడినవానికి అన్నియు మారినవి. కచేరీ భాష మారినది. కోర్టు మారినది. హైదరాబాదులోని హైకోర్టు బీదరుకు సుమారు 140 కిలోమీటర్లు. ఆ తరువాత హైకోర్టు బెంగుళూరు. సుమారు 700 కిలోమీటర్లు. 2008లో గుల్బర్గాలో హైకోర్టు బెంచి ఏర్పడు వరకు, అనగా యాభై ఏండ్లకు పైగా, ఇక్కడి పేదవాని అప్పీలు అంత దూరము పోవలసి వచ్చినది. హక్కు ఎంత గొప్పదైనను దానికి చార్జీలు, భత్యము, పోయిన కూలి కలుపుకొని చూడవలెను. ఈ లెక్క మాకు వృత్తిరీత్యా తెలుసును.

ఒకే చట్టము క్రింద ఉన్న పల్లెలు రెండు రాష్ట్రములలో పడినప్పుడు ఏమైనదో చూడుడు. నారాయణఖేడు వైపు, పాత హైదరాబాదు చట్టములోని 38-ఇ సెక్షను ప్రకారము 1973 జనవరి 1 నుండి, రిజిస్టరులో పేరు నిలిచిన రక్షిత కౌలుదారుకు యాజమాన్యము సంక్రమించినట్లు ప్రకటించినారు. బీదరు వైపు 1965 అక్టోబరులో మైసూరు భూసంస్కరణల చట్టము అమలులోనికి వచ్చినది. దేవరాజ్ అరసు ప్రభుత్వము దానిని సవరించగా, 1974 మార్చి 1నాటికి కౌలులో ఉన్న భూములన్నియు ప్రభుత్వమునకు చెందినవి. కౌలుదారు ఏడవ నమూనా ఫారము నింపి భూన్యాయమండలికి దరఖాస్తు పెట్టుకొనవలెను. గడువు పొడిగించి పొడిగించి 1979 జూన్ 30తో ముగించినారు. మండలిలో అధికారితో పాటు ప్రజలలోనివారిని, అందులో షెడ్యూల్డు కులములవారిని లేక తెగలవారిని ఒకరినైనను, కూర్చుండబెట్టినారు. మొదట వకీళ్ళకు ప్రవేశము లేకుండ చేసినారు.

ఈ రెంటిలో ఏది మంచిదని మమ్ము అడిగినచో, రెంటిలోను సగము మంచి ఉన్నదందుము. అక్కడ చట్టము పేరు వెదకికొని వచ్చినది. కాని 1950 తరువాత రాజీనామా వ్రాసి ఇచ్చినవాని పేరు ఆ రిజిస్టరులో నిలువలేదు. ఇక్కడ రిజిస్టరులో లేనివానికి కూడ తలుపు తెరచినారు. కాని ఆ తలుపు దాక వాడే నడచి రావలెను, ఫారము వానికి తెలియవలెను, గడువు వానికి వినపడవలెను, దొర ముఖము చూచి వాడు వెనుకకు తిరుగకూడదు. రిజిస్టరు నమ్ముకున్న చట్టము ఒకరిని పోగొట్టినది. దరఖాస్తు నమ్ముకున్న చట్టము మరియొకరిని పోగొట్టినది.

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. ఆఫ్రికాలోని కెన్యాలో, స్వాతంత్ర్యమునకు ముందే, 1954లో స్విన్నర్టన్ ప్రణాళిక అను పేర ఊరుమ్మడి వాడుకలో ఉన్న భూమికి వ్యక్తుల పేర పట్టాలిచ్చుట ప్రారంభించినారు. స్వతంత్ర ప్రభుత్వము కూడ దానినే సాగించినది. పట్టా సాధారణముగా ఇంటి యజమానియైన మగవాని పేర పడినది. వాడుకచే ఆ భూమి దున్నుకొనుచున్న ఆడువారి హక్కు కాగితము మీదికి ఎక్కలేదు. వ్యక్తికి హక్కు ఇచ్చుట మంచిదే. ఏ వ్యక్తికి అన్నదే ప్రశ్న.

ఆడువారి సంగతి వచ్చినది కనుక చెప్పుదుము. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు నుండి, కర్ణాటకలో 1994 నుండి, దేశమంతట 2005 సెప్టెంబరు నుండి హిందూ కుటుంబములో పిత్రార్జితమున కూతురికి కొడుకుతో సమానమైన భాగము కలదు. అనగా తొమ్మిదేండ్ల పాటు సరిహద్దుకు అటు పుట్టిన ఆడపిల్లకు చట్టములో ఉన్న భాగము ఇటు పుట్టినదానికి లేదు. నేడు ఆ భేదము లేదు. అయినను ఎందరు తీసికొన్నారు? మా క్వార్టర్ల దగ్గర పని చేయు ఒక పెద్దమ్మ తన హక్కు వదలుచు పత్రము మీద సంతకము పెట్టి వచ్చినది. అన్న పిలిచినాడు, చీర పెట్టినాడు, సబ్ రిజిస్ట్రారు దగ్గరికి తీసికొని పోయినాడు. ఎందుకు పెట్టినావమ్మా అని అడిగినాము. "హక్కున్నదని నాకు తెలుసు బిడ్డా. పుట్టింటికి నాకు ఒక్కటే బాట ఉన్నది. కోర్టుకు పోతే ఆ బాట మూసుకపోతది" అన్నది. ఆమె అజ్ఞానురాలు కాదు. ఆమె లెక్క ఆమె వేసికొన్నది. భాగము ఎకరము లోపే. పుట్టిల్లు, జబ్బు చేస్తే పోవలసిన చోటు. మగడు తరిమివేస్తే తల దాచుకొను చోటు. ఆ అభయము ఇచ్చు మరియొక చోటు ప్రభుత్వము చూపనంతవరకు ఆమె సంతకమును స్వేచ్ఛ అనుట మాకు మనసొప్పదు. ఆనాటి కౌలుదారు రాజీనామాకు ఈనాటి ఆడపడుచు పత్రము చెల్లెలు వంటిది.

ఇక కాగితము సంగతి. పట్వారి సంచిలో పహణి ఉన్నంతకాలము ఊరు పట్వారి గుప్పిట్లో ఉండెడిది. కర్ణాటకములో 2000, 2001 సంవత్సరములలో "భూమి" అను పథకము క్రింద సుమారు 67 లక్షల రైతుల దాదాపు 2 కోట్ల పహణులు కంప్యూటరులో ఎక్కించినారు. తాలూకా కేంద్రములో 15 రూపాయలు కట్టి ఎవరైనను నకలు తీసికొనవచ్చుననినారు. ఇది చిన్న మేలు కాదు. పట్వారి ముందు చేతులు కట్టుకొని నిలువబడిన తరము దాని విలువ చెప్పగలదు. కాని కంప్యూటరు తప్పు వ్రాసినదానిని దిద్దుటకు మరల మనిషి దగ్గరికే పోవలెను. పైగా కర్ణాటక పహణిలో యజమాని పేరుకు 9వ గడి, సాగు చేయువాని పేరుకు 12వ గడి వేరువేరుగా ఉన్నవి. తెలంగాణ వైపు 2017 తరువాత జరిగిన రికార్డుల ప్రక్షాళనలో సాగుదారు గడి లేకుండ పోయినది. 2020లో వచ్చిన ధరణి పోయి, 2025లో భూభారతి చట్టము వచ్చినది. ఒక గడి కాగితము మీద ఉండుట, లేకుండుట చదివినవారికి చిన్న విషయము. కౌలుదారుకు అదే ఉనికి.

భాష సంగతి ఒకటి చెప్పి ముగింపునకు వత్తుము. గత సంవత్సరము సరిహద్దు పల్లెనుండి ఒక ముసలి రైతు మా కిటికీ దగ్గరికి వచ్చినాడు. టిక్కెట్టుకు కాదు. మేము తెలుగు మాట్లాడు సర్కారు మనుషులమని ఎవరో చెప్పినారట. చేతిలో ఒక కచేరీవారు పంపిన కన్నడ నోటీసు. ఆయనకు తెలుగు చదువ వచ్చును. కన్నడము మాట్లాడవచ్చును గాని చదువ రాదు. అన్నదమ్ముల వాటాలో ఖాతా మార్పునకు ఆక్షేపణలుంటే చెప్పుకొమ్మని ఆ నోటీసు. గడువు మూడు రోజుల క్రిందటే ముగిసినది. నోటీసు పంపినవారు చట్టము తప్పలేదు. రాజభాష కన్నడము, 1963 నుండి చట్టమున్నది, కన్నడ నేల మీద కన్నడము నేర్చుకొనుట మన ధర్మము కూడ. అయితే తన బాధను దేశములో గాని రాష్ట్రములో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను అధికారికి నివేదించుకొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణములో ఇచ్చినది. భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని 1956లోనే ఏర్పరచినది. ఆ రైతుకు ఈ రెండును తెలియవు. ఆయనకు కావలసినది అధికరణము కాదు. మూడు రోజుల ముందు ఆ కాగితము చదివిపెట్టు ఒక మనిషి.

కొందరు పెద్దలు ఈ బాధలు చూచి, చట్టము పట్టణపు సరుకు, పాత చావడి పంచాయతే మేలు అంటారు. మేము ఒప్పుకొనము. చావడిలో న్యాయము త్వరగా దొరకినమాట నిజము. ఎవరికి దొరకినది? చావడి గద్దె మీద కూర్చున్నవారికి, వారి బంధువులకు. గద్దె క్రింద నిలుచున్నవాడు, గద్దె దరికి రాకూడనివాడు అక్కడ ముద్దాయిగానే గాని ఫిర్యాదిగా ఎన్నడు వచ్చినాడు? 1955 అస్పృశ్యతా నేరముల చట్టము, 1989 అత్యాచార నిరోధ చట్టము, ఊరంతా కలిసి వెలివేయుటను నేరముగా చేర్చిన 2015 సవరణ, ఇవన్నియు చావడి ఇవ్వనిదానిని ఇచ్చుటకు వచ్చినవే. అదిగాక, మనిషిని మనిషిగా చూడవలెనన్న మాట పరదేశపు దిగుమతి అనుటకు బీదరులో ఉన్నవారికి అసలే వీలు లేదు. మన జిల్లాలోని కల్యాణములోనే పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కులభేదము వలదన్నాడు. చెప్పులు కుట్టు ఇంటికి, బ్రాహ్మణుని ఇంటికి జరిగిన వియ్యము కొరకు ప్రాణములు పోయిన కథ ఇక్కడి పిల్లలకు కూడ తెలుసును. ఈ నేలకు సమానత్వము క్రొత్త కాదు. దానికి చెల్లించవలసిన వెలయు క్రొత్త కాదు.

కనుక చట్టము వలదని కాదు. చట్టమునకును చావడికిని నడుమ ఒక మెట్టు కావలెను. వ్రాసినది చదివి చెప్పువాడు, సంతకము పెట్టకముందు "అమ్మా, దీని అర్థమిది, తొందర లేదు, రేపు కూడ పెట్టవచ్చును" అని చెప్పువాడు, తాలూకా కచేరీకి తోడు వచ్చువాడు. 1987 న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, పేదలకు ఉచితముగా వకీలు నిచ్చు ఏర్పాటు జిల్లా కోర్టులోనే ఉన్నది. అక్కడికి దారి చూపువాడే కరవు.

మన సంఘములో ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, పాత ఉర్దూ దస్తావేజు చదువగల పెద్దలున్నారు, కన్నడ బడిలో చదివిన మన పిల్లలున్నారు. మనము ఏటేటా నాటకము వేస్తున్నాము, పులిహోర పంచుతున్నాము, సంచిక వేస్తున్నాము. మంచిదే. దానితోపాటు నెలకు రెండు ఆదివారములు, సంఘము గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయుదము. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ ఏ కాగితమైనను చదివి చెప్పుదము. తెలుగువారికే అని గీత గీయరాదు. కిటికీ ముందు వరుస అందరిది. రుసుము తీసికొనరాదు. పక్షము వహించరాదు, అన్న వచ్చినా, చెల్లెలు వచ్చినా కాగితములో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. మాకు డ్యూటీ లేని ఆదివారములు ఆ బల్ల దగ్గర కూర్చుండుటకు మేము ఇప్పుడే పేరు ఇచ్చుచున్నాము. కనీసము ఆరుగురు కావలెను. కార్యవర్గమువారు ఈ సభ ముగియులోపల పేర్లు వ్రాసికొనవలెనని ప్రార్థన.